కొత్త చెప్పు ఎందుకు కరుస్తుంది?

కొత్త చెప్పులు వేసుకుని పెళ్లికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు వాటిని చేత్తో పట్టుకుని వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. "చెప్పు కరిచింది" అంటాం. మాట చక్కగానే ఉంది గానీ, తప్పంతా చెప్పు మీదికే నెట్టేస్తుంది. తెల్లవారుజామున నడకకు బయలుదేరే ఉద్యోగి, పోలీసు ఎంపిక కోసం మైదానంలో పరుగు సాధన చేసే యువకుడు, మొదటిసారి జిమ్‌లో ఇనుప కడ్డీ పట్టిన విద్యార్థిని, మొక్కు తీర్చుకోవడానికి మెట్లెక్కే భక్తుడు, వీరందరికీ ఏదో ఒకనాడు ఇదే అనుభవం ఎదురవుతుంది. ముందు ఒకచోట సన్నగా మంట మొదలవుతుంది. తరువాత అక్కడ ఎర్రబడుతుంది. ఆపైన నీటిబొబ్బ లేస్తుంది. మరికొందరికి తొడల మధ్య, చంకల్లో చర్మం ఒరుసుకుపోయి, ఒంటి మీద నీళ్లు పడగానే భగ్గుమంటుంది.

ఇది చిన్న విషయమే కదా అనిపించవచ్చు. సాధారణంగా చిన్న విషయమే. కానీ ఎల్లప్పుడూ కాదు. కాల్విన్ కూలిడ్జ్ అమెరికా అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో, 1924 జూన్ 30న ఆయన చిన్న కుమారుడు, 16 ఏళ్ల కాల్విన్ జూనియర్, వైట్‌హౌస్ ఆవరణలో మేజోళ్లు లేకుండా బూట్లు తొడుక్కుని టెన్నిస్ ఆడాడు. కాలివేలి మీద బొబ్బ లేచింది. అందులో బాక్టీరియా చేరి, అక్కడినుంచి రక్తంలోకి పాకింది. దేశంలోని పేరుమోసిన వైద్యులు ప్రయత్నించినా జూలై 7న ఆ కుర్రవాడు మరణించాడు. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ గుర్తించింది ఆ తరువాత నాలుగేళ్లకు, 1928లో.

ఇప్పుడు యాంటిబయాటిక్ మందులున్నాయి. అయినా బొబ్బ వల్ల ఎంపిక పరీక్షలో వెనుకబడే అభ్యర్థులు, వైద్యుడు చెప్పిన నడకను నాలుగు రోజులకే మానేసేవారు, పాదంలో స్పర్శ తగ్గిన కారణంగా బొబ్బను గమనించక పుండు దాకా తెచ్చుకునే మధుమేహ రోగులు మన చుట్టూ ఉన్నారు. బొబ్బ ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని నివారించడం కష్టం కాదు. అయితే ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి.

రుద్దుకోవడం కాదు, సాగడం

చర్మం మీద ఏదో వస్తువు పదేపదే రుద్దుకుంటే పైపొర అరిగి బొబ్బ వస్తుందని చాలామంది భావిస్తారు. నిజానికి బొబ్బ పైన పుట్టదు. లోపల పుడుతుంది. ఈ చిన్న ప్రయోగం చేసి చూడండి. మీ కుడి చూపుడువేలి కొసను ఎడమ చేతి వెనుకభాగం మీద ఆనించండి. వేలు చర్మం మీద జారకుండా కాస్త నొక్కిపట్టి, ముందుకూ వెనక్కూ కదిలించండి. వేలు జారలేదు. కానీ చర్మం మాత్రం కింద ఉన్న ఎముకల మీద అటూ ఇటూ కదిలింది కదా! వేలికీ చర్మానికీ మధ్య రుద్దుడు లేకపోయినా, చర్మం పొరలు మాత్రం సాగుతున్నాయి.

పేకముక్కల కట్టను బల్ల మీద ఉంచి పై ముక్కను పక్కకు నెడితే, మధ్య ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం జరుగుతాయి. నడిచేటప్పుడు మన మడమలో జరిగేది ఇదే. మడమ ఎముక ప్రతి అడుగులోనూ పైకీ కిందికీ కదులుతుంది. చెమటతో బూటుకు అంటుకున్న చర్మం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఎముక ఒకవైపు, బూటు మరొకవైపు లాగుతుంటే మధ్యనున్న పొరలు సాగవలసి వస్తుంది. పొరలను ఇలా పక్కకు జరిపే బలాన్ని భౌతికశాస్త్రంలో 'షియర్' అంటారు.

ఒకసారి సాగితే ఏమీ కాదు. వందలసార్లు, వేలసార్లు సాగితే? సన్నని ఇనుప తీగను ఒకచోటనే మళ్లీ మళ్లీ వంచితే చివరికి విరిగిపోతుంది. చర్మకణాలు కూడా అలాగే 'అలసి' తెగిపోతాయని బ్రిటిష్ చర్మవైద్యుడు కోమైష్ 1973లో ప్రతిపాదించాడు. తెగేది ఎక్కడ? మన బాహ్యచర్మంలో అన్నిటికన్నా పైన మృతకణాల గట్టి పొర ఉంటుంది. దాని కింద సజీవ కణాల పొరలుంటాయి. వీటిలో 'స్ట్రాటం స్పైనోజం' అనే మధ్యపొరలోని కణాలు ఒకదాన్నొకటి విడిచి చీలిపోతాయి. ఆ చీలికలోకి చుట్టుపక్కల కణజాలం నుంచి ద్రవం ఊరుతుంది. అదే నీటిబొబ్బ. బొబ్బ పైకప్పు చెక్కుచెదరకుండా ఉండటమే, దెబ్బ తగిలింది పైన కాదు లోపల అనడానికి సాక్ష్యం.

అమెరికా చర్మవైద్యుడు సల్జ్‌బర్గర్, ఆయన సహచరులు 1966లో ప్రచురించిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. ఘర్షణ వల్ల బొబ్బలు లేచేది అరచేయి, అరికాలు వంటి చోట్లనే. అక్కడ పైపొర మందంగా ఉంటుంది, చర్మం కింది కణజాలానికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. తొడలు, చంకలు వంటి పలుచని చర్మం మీద ఇదే రాపిడి జరిగితే బొబ్బ లేవదు. పైపొరే కొట్టుకుపోయి పచ్చిగా మారుతుంది. కనుక బొబ్బ, ఒరుపు రెండూ ఘర్షణ బిడ్డలే అయినా ఒకే రకం గాయాలు కావు. నివారణలో కూడా కొంత తేడా ఉంది.

తడి చేసే మాయ

వాన పడిన నాపరాళ్ల మీద కాలు జారుతుంది కనుక, తడి అంటే జారుడు అనే అనుకుంటాం. కానీ నోట్లు లెక్కపెట్టే గుమాస్తా వేలిని తడి చేసుకునేది కాగితం జారకుండా పట్టు దొరకడానికే. చర్మం విషయంలో రెండూ నిజమే. బాగా పొడిగా ఉన్న చర్మం మీదా, నీళ్లు కారుతున్న చర్మం మీదా ఘర్షణ తక్కువ. చెమ్మగిల్లిన చర్మం మీదే ఎక్కువ. బ్రిటన్‌కు చెందిన నేలర్ 1955లో ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా చూపాడు.

వ్యాయామం చేసేవారి పాదం ఎక్కువసేపు ఉండేది ఈ మధ్యస్థితిలోనే. చెమటకు నానిన పైపొర మెత్తబడుతుంది, బూటును మరింత గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి తీర నగరాల్లో చెమట త్వరగా ఆరదు. కాబట్టి అక్కడ పరిగెత్తేవారికి ఈ బాధ మరింత ఎక్కువ.

బొబ్బకు మూడు కారణాలు కలిసి రావాలని దీన్నిబట్టి తెలుస్తున్నది. ఒకటి, ఎముక కదలిక. రెండు, చర్మాన్ని పట్టి ఉంచే ఘర్షణ. మూడు, అది ఎన్నిసార్లు జరిగిందనే లెక్క. నడిచేవారికి ఎముక కదలిక తప్పదు. మిగిలిన రెండింటిలో దేన్ని తగ్గించినా బొబ్బ వాయిదా పడుతుంది. చాలాసార్లు అసలు రాకుండానే పోతుంది.

బూట్లు, మేజోళ్లు

మొదటిది బూట్ల కొలత. వదులైన బూటులో పాదం ముందుకూ వెనక్కూ జారుతుంది. బిగుతైన బూటులో ఒత్తిడి ఒకేచోట పడుతుంది. రెండూ చెరుపే. రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి కనుక బూట్లు సాయంత్రం పూట కొనడం మంచిది. ఏ మేజోళ్లతో పరిగెత్తుతారో వాటితోనే వేసి చూడాలి. నిలబడినప్పుడు పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం లేవకూడదు. మడమ లేస్తుంటే, బూటు పైభాగాన ఉండే చివరి రంధ్రం గుండా కూడా లేసు దూర్చి బిగించి కట్టుకుంటే పట్టు దొరుకుతుంది.

కొత్త బూట్లను మొదట ఇంట్లో, తరువాత కొద్ది దూరాల నడకలో అలవాటు చేయాలి. పూర్వం పల్లెల్లో కొత్త తోలు చెప్పులకు ఆముదం పట్టించి, మెత్తబడ్డాకే పొలానికి వేసుకుని వెళ్లేవారు. దాని వెనుక ఉన్న సూత్రం ఇదే. పోటీ రోజున, ఎంపిక పరీక్ష రోజున కొత్త బూట్లు ఎన్నడూ వేసుకోకండి.

మేజోళ్ల విషయంలో మన నమ్మకాన్ని కొంచెం సవరించుకోక తప్పదు. వేసవిలో నూలు బట్టలే హాయి అన్నది నిజమే. నూలు చెమటను బాగా పీలుస్తుంది. కానీ పీల్చిన తడిని అంత త్వరగా వదలదు. గాలి తగిలే చొక్కాకు అది పరవాలేదు. నాలుగువైపులా మూసుకుపోయిన బూటులో మాత్రం నూలు మేజోడు తడిసి, ముడతలుపడి, చర్మానికి అంటుకుపోతుంది. సుదూర పరుగు క్రీడాకారులతో జరిపి 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మెత్తని దట్టమైన అల్లిక గల ఆక్రిలిక్ మేజోళ్లు వేసుకున్నవారికి నూలు మేజోళ్ల వారికన్నా తక్కువ బొబ్బలు, చిన్న బొబ్బలు వచ్చాయి. అదే పరిశోధకులు తరువాత పలుచని మేజోళ్లతో పరీక్షిస్తే ఈ తేడా కనిపించలేదు. అంటే దారం రకంతోపాటు అల్లిక మందం కూడా ముఖ్యమే. మందమైన అల్లిక తానే కొంత సాగి, చర్మం సాగవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది.

పలుచని పాలియెస్టర్ మేజోళ్ల మీద మందమైన మరో జత వేసుకునే పద్ధతి సైనికుల్లో ఉంది. అప్పుడు జారుడు చర్మం దగ్గర కాక రెండు మేజోళ్ల మధ్య జరుగుతుంది. అయితే రెండు జతలు పట్టేంత చోటు బూటులో ఉండాలి. దూరప్రయాణమైతే మరో పొడి జత సంచిలో ఉంచుకుని, మధ్యలో ఒకసారి మార్చుకోండి.

పట్టీలు, పూతలు, పౌడర్లు

ఖర్చు లేని ఉపాయాల్లో మేలైనది కాగితపు టేపు. గాయాల మీద గాజుగుడ్డను అంటించడానికి మందుల దుకాణాల్లో దొరికే పలుచని తెల్ల టేపే అది. ఎడారుల్లో, కొండల్లో 250 కి.మీ. దూరం సాగే అంచెల పరుగులో పాల్గొన్నవారి పాదాలకు దీన్ని ముందుగానే అంటించి పరీక్షించారు. 2016లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం బొబ్బలు సుమారు 40 శాతం తగ్గాయి. అంతకుముందు జరిగిన ఇటువంటి ఒక పరీక్షలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి టేపును సర్వరోగనివారిణి అనుకోనక్కరలేదు. మీకు ఎక్కడ మంట పుట్టే అలవాటుందో అక్కడ పొడి చర్మం మీద, ముడత లేకుండా అంటించుకోవడం మేలు. ముడత పడిన టేపే కొత్త బొబ్బకు మూలం కావచ్చు.

వాజలైన్ వంటి జిడ్డు పూత మొదట్లో ఘర్షణను బాగా తగ్గిస్తుంది. కాని సమయం గడిచేకొద్దీ అది చర్మంలో ఇంకి, పైపొరను నానబెట్టి, కొన్ని గంటల తరువాత ఘర్షణ మొదటికన్నా పెరగడానికి కారణమవుతుంది. కనుక చిన్న పరుగుకు ఒకసారి రాసుకుంటే చాలు. పెద్ద దూరమైతే మళ్లీ మళ్లీ రాసుకోవాలి. పౌడరు సంగతి కూడా అంతే. పొడి పాదం మీద బాగానే ఉంటుంది. చెమట పట్టాక ముద్దకట్టి ఇసుకలా ఒరుస్తుంది.

అసలు చెమటనే ఆపితే? అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఈ ప్రయత్నం చేశారు. కొందరు విద్యార్థులు చెమటను అరికట్టే అల్యూమినియం క్లోరైడు ద్రావణాన్ని ముందురోజుల్లో పాదాలకు రాసుకున్నారు. మరికొందరికి ఉత్త ద్రావకమే ఇచ్చారు. తరువాత అందరూ 21 కి.మీ. నడిచారు. మందు వాడినవారిలో 21 శాతం మందికి, వాడనివారిలో 48 శాతం మందికి బొబ్బలు లేచాయి. 1998లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఇంత మంచి ఫలితం వచ్చినా ఈ పద్ధతి వ్యాప్తిలోకి రాలేదు. మందు వాడినవారిలో 57 శాతం మందికి చర్మం మండి దురద పుట్టడమే దీనికి కారణం. ఒక బాధ పోగొట్టబోయి మరొకటి కొనితెచ్చుకున్నట్లయింది.

ఒరుపు ఎందుకు వస్తుంది?

ఇక పలుచని చర్మం సంగతి. తొడలు ఒకదానికొకటి తగిలేచోట, చంకల్లో, లోదుస్తుల అంచుల దగ్గర, ఎక్కువ దూరం పరిగెత్తే మగవారికి చనుమొనల మీద ఒరుపు వస్తుంది. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్న మారథాన్ పరుగువీరులు కూడా రొమ్ము మీద రక్తపు మరకలతో గమ్యం చేరడం కద్దు. ఇందులో తడి బట్ట పాత్ర పెద్దది. చెమట ఆరినప్పుడు మిగిలే ఉప్పు రేణువులు కూడా చర్మాన్ని గీరుతాయి.

తొడల దగ్గర ఒంటికి అతుక్కుని ఉండే, కుట్లు తక్కువగా ఉండే పొడవైన లోనిక్కరు వేసుకుంటే, చర్మం చర్మానికి తగలడం తప్పుతుంది. చీర, లంగా ధరించి నడిచే స్త్రీలకూ లోపల ఇటువంటి నిక్కరు ఎంతో ఉపశమనం. చనుమొనల మీద చిన్న టేపు ముక్క అంటించుకోవచ్చు. మిగిలిన చోట్ల వాజలైన్ పలుచగా రాస్తే చాలు. వ్యాయామం కాగానే తడిబట్టలు విప్పి, చల్లని నీళ్లతో ఉప్పు పోయేలా కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

ఒక హెచ్చరిక. గజ్జల్లో గుండ్రని అంచుతో వ్యాపిస్తూ, దురద పెట్టే మచ్చ కనిపిస్తే అది ఒరుపు కాదు, తామర కావచ్చు. దానికి కారణం శిలీంధ్రం. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టిరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే దురద తాత్కాలికంగా తగ్గినట్లు కనిపించి, తామర లోలోపల విస్తరిస్తుంది. చర్మవైద్యునికి చూపించడమే మంచిది.

కాయ కాచిన చేతులు

పార పట్టడం కొత్తయిన చేయికి అరగంటలో బొబ్బలెక్కుతాయి. ఏళ్ల తరబడి పార పట్టిన చేయికి ఏమీ కాదు. ఒకే చర్మం ఒకచోట బొబ్బగా, మరొకచోట కాయగా మారడానికి కారణం కాలమే. రాపిడి కొద్దికొద్దిగా, వారాల తరబడి పెరిగితే బాహ్యచర్మంలో కణాల ఉత్పత్తి పెరిగి పైపొర మందమవుతుంది. ఒక్కరోజులో మీద పడితే ఆ అవకాశం ఉండదు. చీలిపోతుంది.

అందుకే పరుగు దూరాన్ని వారంవారం కొంచెంగా పెంచుకోవాలి. ఆషాఢ పౌర్ణమికి సుమారు 32 కి.మీ. సింహాచలం గిరిప్రదక్షిణ చేయదలచినవారు నెల ముందునుంచే నడక అలవాటు చేసుకోవాలి. చెప్పులు లేకుండా నడిచేవారి విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎండకు కాగిన తారు రోడ్డు మీద అరికాళ్లకు లేచే బొబ్బలు ఘర్షణ వల్ల వచ్చినవి కావు, అవి కాలిన గాయాలు. వాటికి మందు సాధన కాదు, వేళ మార్చుకోవడం.

బొబ్బ లేస్తే ఏం చేయాలి?

బొబ్బ ఒక్కసారిగా లేవదు. ముందు అక్కడ వేడిగా, చురుక్కుమంటున్నట్లు ఉంటుంది. కణాలు ఇంకా పూర్తిగా చీలలేదు అనడానికి అది గుర్తు. "ఇంకో కిలోమీటరే కదా" అనుకోకుండా అక్కడే ఆగి, బూటు విప్పి, ఇసుక దులిపి, చెమట తుడిచి, టేపు అంటించుకోండి. ఈ రెండు నిమిషాలు ఐదు రోజులను కాపాడతాయి.

ఐదు రోజులనడం మాటవరసకు కాదు. బొబ్బ లేచిన 24 గంటల్లో అడుగునున్న కణాలు జోరుగా విభజన చెందుతాయి. 120 గంటలకు, అంటే ఐదు రోజులకు, కొత్త పైపొర ఏర్పడుతుంది. ఈలోగా పాత పైకప్పే దానికి సహజమైన కట్టు. దాన్ని ఊడబెరకకండి. చిన్న బొబ్బను అలాగే వదిలి, మెత్తటి గుడ్డతో కప్పండి. పెద్దదై నడవనివ్వకపోతే సబ్బుతో కడిగి, కొత్త శుభ్రమైన సూదితో అంచున గుచ్చి, నీరు తీసి, పైచర్మాన్ని అలాగే అణచి కట్టు కట్టవచ్చు. సూదితో దారం గుచ్చి లోపల వదిలేసే పద్ధతి మంచిది కాదు. ఆ దారమే సూక్ష్మజీవులకు దారి. బూడిద, టూత్‌పేస్టు వంటివి పూయకండి. చుట్టూ ఎరుపు పాకినా, చీము పట్టినా, ఎర్రని గీత పైకి సాగినా, జ్వరం వచ్చినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి.

నొప్పి తెలియని పాదాలు

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నిటికీ ఆధారం ఒకటే. మంట మనకు తెలుస్తుంది. తెలియనివారి మాటేమిటి?

తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో చేరాడు. కుష్ఠురోగుల మాంసం సహజంగానే కుళ్లిపోతుందని ఆ రోజుల్లో నమ్మేవారు. బ్రాండ్ జాగ్రత్తగా పరిశీలించి, అది నిజం కాదని తేల్చాడు. నరాలు దెబ్బతిని స్పర్శ పోవడం వల్ల, రోగి బొబ్బ మీద కూడా మామూలుగానే నడుస్తాడు. మనమైతే కుంటుతాం, బరువు మరో కాలి మీదికి మారుస్తాం. అతడు మార్చడు. బొబ్బ పుండవుతుంది, పుండు ఎముకను చేరుతుంది. అందుకే మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరుతో చేసిన చెప్పులు కుష్ఠురోగులకు చికిత్సలో భాగమయ్యాయి.

ఈ పాఠం ఈనాడు మరెందరికో వర్తిస్తుంది. మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. వారందరికీ వైద్యులు మొదట చెప్పేది నడవమనే. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. అది నెమ్మదిగా జరుగుతుంది కనుక వారికే తెలియదు. మోనోఫిలమెంట్ అనే నైలాన్ తీగను పాదానికి తాకించి, వైద్యులు నిమిషాల్లో దీన్ని పరీక్షించగలరు. మధుమేహం ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి.

స్పర్శ తగ్గినవారు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకూడదు. బూటు తొడుక్కునే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. నడక నుంచి వచ్చాక అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకోవాలి, లేదా ఇంట్లోవారిని చూడమనాలి. బొబ్బ కనిపిస్తే సొంతంగా సూది గుచ్చకుండా వైద్యునికి చూపించాలి.

మీ ఇంట్లో మధుమేహం ఉన్న తల్లో తండ్రో రోజూ నడకకు వెళుతుంటే, ఈ రాత్రి వారి పాదాలను ఒకసారి చూడండి. వారికి తెలియని మంట మీ కంటికి ఎర్రగా కనబడవచ్చు.